నెలలు నిండిన ఇంట్లో మగవాడి పని

నాన్నా,

నెలలు నిండుతున్న భార్య పక్కన పడుకున్న మగవాడికి కూడా నిద్ర పట్టదన్న సంగతి మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. తిన్నావా, పడుకున్నావా, కాళ్లు వాచాయా, బిడ్డ తిరుగుతోందా అని అందరూ ఆమెనే అడుగుతారు. అడగాల్సిందే. కానీ అర్ధరాత్రి లేచి, ఆమె పొట్ట మీద చెయ్యి వేయాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్న నిన్ను పలకరించేవాళ్లు ఉండరు. మొన్న ఫోన్లో "బి.పి. కొంచెం ఎక్కువుందట పెద్దమ్మా, వారానికి రెండుసార్లు వచ్చి బెల్టు పెట్టించుకోమన్నారు" అని నువ్వు తేలిగ్గా చెప్పబోయావు గానీ, నీ గొంతు తేలిగ్గా లేదు. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. గేటు బయట అరుగుల మీద, టీ బడ్డీల దగ్గర, మెట్ల కింద నిలబడిపోయిన భర్తల ముఖాలు ఎన్నో చూశాను. లోపల ఏం జరుగుతోందో వాళ్లకు విడమరిచి చెప్పే తీరిక ఎవరికీ ఉండేది కాదు. వాళ్లకు చెప్పాల్సిన మాటలే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ముందుగా ఒకటి. నీ భయంలో తప్పేమీ లేదు. దాన్ని ఆమె దగ్గర దాచడానికి పడే తంటాలోనే నీ శక్తంతా పోతోంది. "నాకూ భయంగానే ఉంది, ఇద్దరం కలిసి చూసుకుందాం" అని చెప్పెయ్యి. అలా చెప్పిన భర్త పక్కన భార్య ధైర్యంగా ఉండటం నేను చూశాను. అటు తిరిగి పడుకుని రాత్రంతా ఫోన్లో జబ్బుల పేర్లు వెతికే భర్త పక్కన ఉన్న పిల్లకే భయం రెట్టింపవుతుంది. ఆ వెతుకులాట ఈ రాత్రి నుంచే మానెయ్యి. భయాన్ని ఊరికే కూర్చోబెట్టకుండా దానికి పని చెప్పాలి.

పూర్వం మనవాళ్లు గర్భిణి భర్తకు చాలా నియమాలు పెట్టారు. క్షౌరం చేయించుకోకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, శవాన్ని మోయకూడదు, ఇంటికి పునాది వేయకూడదు, సముద్రస్నానానికి పోకూడదు. మగవాణ్ణి దూరం పోనివ్వకుండా ఇంటి పట్టున ఉంచడానికే వీటిలో సగం పెట్టారని నాకనిపిస్తుంది. అయితే ఏం చేయకూడదో ఇంత వివరంగా చెప్పిన పెద్దలు, ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి శ్రీమంతం కాగానే పిల్లను పంపేసి కబురు కోసం ఎదురుచూడటమే అతని వంతు. మీ సంగతి అలా కాదు. పరాయి ఊళ్లో ఫ్లాట్లో మీరిద్దరే. వాళ్లమ్మ వచ్చేసరికి ఇంకా రోజులు పడుతుంది. అత్తగారు, ఆడపడుచు, మంత్రసాని పంచుకుని కాసిన కాపలా అంతా నీ ఒక్కడి మీద పడింది.

ముందు బి.పి. సంగతి చూద్దాం. డాక్టర్లు 140/90 దగ్గర ఎందుకు ఆగిపోతారో తెలిస్తే నీకు సగం కంగారు తగ్గుతుంది, మిగతా సగం సరైన చోటికి మళ్లుతుంది. 20 వారాలు దాటిన గర్భిణికి పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరి, కొన్ని గంటలాగి మళ్లీ చూసినా అలాగే ఉంటే, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూస్తారు. పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపు వాతం అని భయపడేది దానికే. 160/110 చూపిస్తే ఇక ఆగరు, వెంటనే మందు మొదలుపెడతారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. అది ఎక్కుతుంటే ఒళ్లంతా సెగలు కక్కినట్టుంటుందని తల్లులు చెబుతారు. ఆ మందు నడుస్తున్నంతసేపూ సిస్టర్ మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది, మూత్రం ఎంత వచ్చిందో కొలుస్తుంది. మందు మోతాదు మించకుండా చూసే పద్ధతి అది. దాన్ని చూసి ప్రాణం మీదికి వచ్చిందనుకోకు.

నీ భార్యకు అంత దూరం రాలేదు, రాకపోవచ్చు కూడా. కానీ ఇంట్లో నువ్వు కనిపెట్టాల్సినవి ఉన్నాయి. తగ్గని తలనొప్పి. కళ్లు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు. పొట్ట పైభాగంలో, డొక్కల కింద నొప్పి. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం. ఆ డొక్కల కింది నొప్పినే గ్యాస్ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టేవాళ్లు ఎందరో. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఇంట్లో బి.పి. మిషన్ పెట్టుకుంటే మంచిదే. ఆమె ఐదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఆనించి, రోజుకు ఎన్నిసార్లు చూడమన్నారో అన్నిసార్లే చూసి పుస్తకంలో రాయి. గంటగంటకూ పట్టీ బిగిస్తే ఆ కంగారుకే అంకె పెరుగుతుంది.

ఇక ఆ బెల్టు. నిన్ను నిద్రపోనివ్వనిది అదేనని నాకు తెలుసు. దాని పేరు ఎన్.ఎస్.టి. పొట్ట మీద రెండు బెల్టులు కడతారు. ఒకదాని కింది బిళ్ల బిడ్డ గుండెను వింటుంది, రెండోది గర్భసంచి బిగుసుకోవడాన్ని పట్టుకుంటుంది. కాగితం మీద పై గీత బిడ్డ గుండె, కింది గీత గర్భసంచి. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలే. మనకు డెబ్భై, ఎనభై అలవాటు కాబట్టి గుర్రం దౌడు తీస్తున్నట్టు వినబడే ఆ చప్పుడుకు తండ్రులు బెదిరిపోతారు. పై గీత సాఫీగా ఉంటే మంచిదని కూడా అనుకుంటారు. అది పొరపాటు. బిడ్డ కదిలినప్పుడల్లా గుండె వేగం పెరిగి మళ్లీ దిగాలి. 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ఉన్నదాని మీద 15 పెరిగి, 15 సెకన్లు నిలిస్తే బిడ్డ హాయిగా ఉన్నట్టే. కాగితం మీద రియాక్టివ్ అని రాస్తారు.

20 నిమిషాల్లో అలా రాలేదనుకో. బిడ్డ నిద్రపోతూ ఉండవచ్చు. కడుపులో బిడ్డ ఒక్కోసారి 20 నుంచి 40 నిమిషాలు కదలకుండా నిద్రపోతుంది. అప్పుడు సిస్టర్ ఆమెను పక్కకు తిప్పి ఇంకో 20 నిమిషాలు పొడిగిస్తుంది. పొడిగించారు అనగానే నీ ముఖం పాలిపోకూడదు. ఆ పరీక్ష తీరే అంత. బాగుందని చెబితే గట్టిగా నమ్మొచ్చు. తేడాగా ఉందని చూపిస్తే మాత్రం ఇంకో పరీక్షతో సరిచూడాలి. అందుకే స్కాన్ చేసి బిడ్డ కాళ్లూ చేతులూ ఆడిస్తోందా, ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ కదులుతోందా, ఉమ్మనీరు ఎంతుంది, బొడ్డుతాడులో రక్తం సరిగ్గా పారుతోందా అని చూస్తారు. ఉమ్మనీటిని నాలుగు వైపులా కొలిచి కూడితే 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఏడో ఎనిమిదో ఉందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఇల్లంతా దిగులు నింపక్కర్లేదు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీ రాసుకుని ఆ రోజున తప్పకుండా తీసుకెళ్లు.

మిషన్ తెర మీద అంకె 140 నుంచి ఒక్కసారిగా 80కి పడిపోయిందనుకో. చాలాసార్లు బిడ్డ పక్కకు జరిగి, ఆ బిళ్లకు తల్లి నాడి దొరికి ఉంటుంది. ఒక్కోసారి బిళ్ల జారి ఏ అంకే కనబడదు. అయినా అది తేల్చాల్సింది నువ్వు కాదు. సిస్టర్‌ని పిలువు. ఆమె తల్లి నాడి పట్టుకుని, చప్పుడు ఎవరిదో సరిచూసి చెబుతుంది. నిజంగానే బిడ్డ గుండె తగ్గితే నిమిషంలో నలుగురు గదిలోకి వస్తారు, ఆమెను ఎడమ పక్కకు తిప్పుతారు, సెలైన్ పెంచుతారు, డాక్టర్‌ని పిలుస్తారు. అప్పుడు వాళ్లకు అడ్డం రాకుండా, ఆమె కళ్లకు మాత్రం కనబడేచోట నిలబడు. ప్రశ్నలు తర్వాత అడగొచ్చు. ఇంకో మాట. కింది గీత పక్కనున్న అంకె నొప్పి ఎంతుందో చెప్పదు. బెల్టు ఎంత బిగించారన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. "ఇది చిన్న నొప్పేలే, ముప్పై కూడా దాటలేదు" అని, పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్న మనిషితో అనే భర్తలను చూశాను. నువ్వు అనకు. నొప్పి ఎంతుందో ఆమెనే అడుగు.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇదీ. ఆ బెల్టు వారానికి రెండుసార్లు, కాసేపు మాత్రమే కాపలా కాస్తుంది. మిగతా గంటలన్నీ ఆ బిడ్డను కనిపెట్టి ఉండేది తల్లి ఒక్కతే. బిడ్డ కదలిక ఎలా ఉందో ఆమె చెప్పే మాటే అన్నిటికన్నా ముందొచ్చే కబురు. ఆ మాటను నమ్మడం, నమ్మిన వెంటనే కదలడం నీ పని. రోజూ ఒకే వేళకు, భోజనం అయ్యాక, ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకుని లెక్కపెట్టమను. రెండు గంటల్లోపు పది కదలికలు తెలియాలి. చాలామందికి అరగంటలోనే పదీ అయిపోతాయి. లెక్క కన్నా ముఖ్యం ఆ బిడ్డ అలవాటు. ఒక బిడ్డ రాత్రి పది దాటాక గంతులేస్తుంది, ఒక బిడ్డ తల్లి అన్నం తినగానే కదులుతుంది. ఆ అలవాటు మారిందని తల్లికి అనిపిస్తే చాలు, ఆసుపత్రికి వెళ్లడానికి అదే కారణం.

"నెలలు నిండాక లోపల చోటు చాలదు, అందుకే కదలదు" అని నీతో ఎవరైనా అంటే వినకు. ఈ విషయంలో మన ఇళ్లలో తిరిగే మాటల్లో ఇంత ప్రమాదమైనది ఇంకోటి లేదు. చోటు తగ్గాక తన్నులు తగ్గి, దొర్లినట్టు, ఒత్తినట్టు తెలియొచ్చు. కదలిక మాత్రం తగ్గకూడదు. నేను డ్యూటీలో ఉండగా ఒక పిల్ల వచ్చింది. బిడ్డ తిరగడం లేదని ఇంట్లో చెబితే, రేపు అమావాస్య, అది వెళ్లాక చూపిద్దామన్నారట పెద్దవాళ్లు. భర్త నోరెత్తలేదు. వచ్చేసరికి గుండె చప్పుడు లేదు. ఆ కుర్రాడు వరండాలో గోడకు చేరగిలబడి "తను చెప్పింది సిస్టర్, తను చెప్పింది" అన్న ఆ ఒక్క మాటే అంటూ ఉండిపోయాడు. ముందే వచ్చి ఉంటే బిడ్డ తప్పకుండా దక్కేదని చెప్పలేం. చూసే అవకాశమైనా ఉండేది. ఇంకో జంట అర్ధరాత్రి ఆటోలో వచ్చారు. బెల్టు పెట్టి చూస్తే అంతా బాగుంది, పంపేశాం. కొన్నాళ్లకు మళ్లీ అదే మాటతో వచ్చారు. ఈసారి గీత పదేపదే కిందికి దిగుతోంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, బతికింది. మొదటిసారి ఉత్తినే వచ్చామన్న మొహమాటంతో ఆ అబ్బాయి రెండోసారి ఆగిపోలేదు. రెండోసారికో మూడోసారికో ఆసుపత్రిలో ఎవరైనా విసుక్కుంటే పట్టించుకోకు, అక్కడే నిలబడి బిడ్డ గుండె చూడమని అడుగు. గుండె చప్పుడు వినే చిన్న మిషన్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి కదా, కొననా అని అడిగావు. కొనకు. తల్లి నాడినే బిడ్డదనుకుని ధీమాగా ఇంట్లో ఉండిపోతారు. బిడ్డ గుండె నిజంగా వినబడినా, ఆ ఒక్క నిమిషం చప్పుడు బిడ్డ క్షేమంగా ఉందని చెప్పలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎక్కడైనా నాలుగే అడుగుతారు. నొప్పులు వస్తున్నాయా, నీరు పోయిందా, రక్తం కనబడిందా, బిడ్డ కదులుతోందా. నీరు పోతే ఏ రంగులో ఉందో, ఏ టైముకు పోయిందో కూడా చెప్పు. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మల విసర్జన చేసి ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. దొంగ నొప్పులు కాసేపు పడుకుంటేనో, నాలుగడుగులు వేస్తేనో సర్దుకుంటాయి. అసలు నొప్పులు ఒక వరసలో వస్తూ, దగ్గరపడుతూ, బలపడుతూ పోతాయి. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో గడియారం చూసి రాయడం నీ వంతు.

చుట్టాల మాటలు కొన్ని నీ చెవిన పడ్డాయన్నావు. ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరన్నది పచ్చి అబద్ధం. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే. 34 వారాల లోపు కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మీరు ఆ గీత దాటేశారు, సంతోషించు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమన్న మాట కూడా అంతే. నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది. తల బయటికి రాగానే వేలితో తప్పించేస్తారు. స్కాన్ కాగితంలో ఆ మాట ఉందని ఆపరేషన్ అడగక్కర్లేదు.

ముహూర్తం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద కాన్పుల్లో ఆపరేషన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. మంచి నక్షత్రం కోసం కడుపు కోయించడం మన తెలుగువాళ్లకు అలవాటైపోయింది. వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాల లోపు ఆపరేషన్ చేయిస్తే బిడ్డ ఊపిరి తీసుకోలేక ఐ.సి.యు.లో ఉండాల్సి రావచ్చు. మీ నాన్న పంచాంగం తీస్తే నా పేరు చెప్పి ఆపు. అదే నోటితో ఇంకోటి చెబుతున్నాను. బి.పి. ఎక్కువవుతోందనో, బిడ్డ గుండె తగ్గుతోందనో డాక్టర్ ఆపరేషన్ అంటే, డబ్బు కోసమేనని అనుమానిస్తూ గంటలు గడపకు. కారణమేమిటి, ఎంత తొందర, ఆగితే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడుగు, జవాబు విను, ఆమెతో మాట్లాడు. సంతకం కాగితంలో రాసి ఉండే భయంకరమైన మాటలు అందరి కాగితాల్లోనూ ఉంటాయి. నిర్ణయం మాత్రం ఆమెది, ఒళ్లు ఆమెది కాబట్టి.

బి.పి. ఉన్నవాళ్లకు సాధారణంగా 37 వారాలు నిండాక ఎక్కువ రోజులు ఆగరు. నొప్పులు రావడానికి మందు పెడతారు. తొలి కాన్పులో అలా నొప్పులు వచ్చి కాన్పు అయ్యేసరికి ఒక రోజు దాటినా వింత లేదు. డ్యూ డేట్ అని రాసిచ్చిన రోజునే కనేవాళ్లు నూటికి నలుగురైదుగురే. కాబట్టి సంచీ ఈ వారమే సర్దెయ్యి. స్కాన్లు, రక్త పరీక్షలు, బ్లడ్ గ్రూపు కాగితం ఒకే ఫైల్లో పెట్టు. ఆమెది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఆంటీ-డి ఇంజెక్షన్ పడాలి, అడిగి గుర్తు చెయ్యి. మీ ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ ఉంటారా, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు అన్నది ఇప్పుడే కనుక్కో.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యకు కూడా నెలలు నిండాయన్నావు కదా. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారని, 2016 నుంచి అది నడుస్తోందని అతనికి చెప్పు. కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, ఇంటికీ ఆసుపత్రికీ రాకపోకల బండి కూడా 2011 నుంచి అక్కడ ఉచితమే. అత్యవసరమైతే 108. నీ దగ్గరున్న బి.పి. మిషన్‌తో ఆ అమ్మాయిక్కూడా చూడు.

కాన్పు అయిపోగానే కాపలా దిగిపోకు. బి.పి. ఆ తర్వాత రోజుల్లో కూడా పెరగొచ్చు, ఇంతకుముందు చెప్పిన తలనొప్పి, కళ్ల మసక అప్పుడూ అంతే ప్రమాదం. గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి, ముర్రుపాలు పడాలి. తేనె నాకిస్తామని, ఆముదం పోస్తామని వచ్చేవాళ్లను గుమ్మంలోనే ఆపడం నీ బాధ్యత. అందుకు నువ్వు ఇంట్లో ఉండాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవుంది. మీలాంటి ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి చట్టం లేదు, కంపెనీ ఇచ్చినంతే. రేపు ఆఫీసుకు వెళ్లగానే అడిగి, కాగితం మీద పెట్టించుకో.

నాకు ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. కానీ బిడ్డ కదలిక తగ్గిందని పిల్ల అంటే మాత్రం ముందు ఆమెను బండెక్కించి ఆసుపత్రికి బయల్దేరు. నాకు దారిలో చెప్పొచ్చు.